మధురైలో ఒక రాత్రి ఉండండి

తెలుగు యాత్రికుల బస్సు మధురైలో మూడు నాలుగు గంటలకు మించి ఆగదు. శ్రీరంగం చూసుకుని వచ్చి, మీనాక్షమ్మ దర్శనం చేసుకుని, భోజనాలు కానిచ్చి, పొద్దు వాలకముందే రామేశ్వరం దారి పట్టాలి. ఈ మధ్యలో ఎలాగో ఒక చీరల దుకాణం ఇరుక్కుంటుంది. ఏ దుకాణం ముందు బస్సు ఆపాలో మనం ఊరు దాటకముందే ఖాయమైపోయి ఉంటుంది. ఇంటికొచ్చాక మధురై చూశామని చెప్పుకుంటాం. నిజానికి చూసింది గుడి చుట్టూ రెండు ఫర్లాంగుల మేర, అది కూడా పరాయివాళ్లు మాత్రమే తిరిగే వేళల్లో.

ఈ ఊరు నాకు బాగా ఇష్టం. వెళ్లినకొద్దీ ఒక సంగతి తేటపడుతోంది. ఇక్కడ ఎవరికీ తెలియని చోట్లు వెతుక్కుంటూ పోనక్కర్లేదు. అందరూ వెళ్లే వీధులకే, ఆ ఊరివాళ్లు బయటికొచ్చే వేళకు వెళ్తే చాలు. ఒకే వీధి పగలు పదకొండింటికి ఒక ఊరు, రాత్రి పదింటికి ఇంకో ఊరు.

ముందు పగటి సంగతి చెప్తాను. గుడిని ఆనుకున్న చిత్తిరై వీధుల్లోకి బండ్లు రానివ్వరు, నడవాలి. ఆ కాస్త దూరంలోనే ఎవరో ఒకరు పలకరిస్తారు. "తెలుగా అమ్మా? మేడపైకి రండి, గోపురాలన్నీ కనిపిస్తాయి, ఫొటో తీసుకోండి, డబ్బులేమీ వద్దు." అన్నట్టుగానే డబ్బు తీసుకోరు. మా వదినా నేనూ ఎక్కాం. పైనుంచి చూస్తే దక్షిణ గోపురం దాదాపు 170 అడుగుల ఎత్తున, ఒళ్లంతా దేవతలతో, యాళులతో, ద్వారపాలకులతో నిండి ఎదురుగా నిలబడి ఉంటుంది. ఆ దృశ్యంలో మోసమేమీ లేదు, కళ్లారా చూడాల్సిందే. చిక్కంతా దిగేటప్పుడు. అంతస్తుకో హాలు, హాలుకో నలుగురు మనుషులు. కాశ్మీరు శాలువాలు, తివాచీలు, ఇత్తడి నటరాజులు, చందనపు పెట్టెలు, పట్టుచీరలు. తివాచీకీ మధురైకీ ఏం సంబంధమని అడిగేలోపే అది కాళ్ల ముందు పరిచేసి ఉంటుంది. మనల్ని పైకి పిలిచిన కుర్రాడు గుమ్మం దగ్గరే ఉంటాడు. మనం కొన్నదాంట్లో అతనికి వాటా, ఆ వాటా ధరలో ముందే కలిసి ఉంటుంది. ఆటో అతనిదీ, గైడుదీ, బస్సు డ్రైవరుదీ అదే లెక్క. ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు. నా బెంగంతా మా ముందు చీర కొన్న పెద్దావిడ గురించి. కూతురి కోసమని చెంగున ముడేసుకున్న నోట్లు ఆవిడ ఒక్కొక్కటీ విప్పి ఇస్తుంటే చూడలేకపోయాను. బయటికొచ్చాక రెండు వీధుల అవతల, ఊరివాళ్లు కొనే కొట్లో, అచ్చం అలాంటి చీరే చాలా తక్కువకు కనిపించింది.

అక్కణ్ణుంచి నేను ఒక్కటే గుర్తు పెట్టుకుని తిరుగుతాను. ఊరివాళ్లు తమ డబ్బు పెట్టి, తమ అవసరానికి ఎక్కడ కొంటున్నారు, ఎక్కడ తింటున్నారు, ఎక్కడ కూర్చుంటున్నారు? పాతదా కొత్తదా అన్నది నాకు ముఖ్యం కాదు. మధురైలో దాదాపు అన్నీ ఎక్కణ్ణుంచో వచ్చినవే. రాజులు విజయనగరం నుంచి వచ్చారు, పట్టు నేసేవాళ్లు గుజరాత్ వైపు నుంచి వచ్చారు. వచ్చినవాళ్లందరినీ ఈ ఊరు తనవాళ్లను చేసుకుంది.

మధ్యాహ్నం పన్నెండున్నరకు గుడి మూస్తే మళ్లీ నాలుగింటికి గానీ తెరవరు. బస్సువాళ్లు ఉసూరుమనే వేళ అది. ఉండిపోయినవాళ్లకు మాత్రం ఊరు నడిచి చూడటానికి దొరికిన సమయం. మధురై వీధులు గుడి చుట్టూ ఒకదాని వెలుపల ఒకటిగా చదరంగా సాగుతాయి. లోపల ఆడి వీధులు, తర్వాత చిత్తిరై, ఆవణి మూల, మాసి వీధులు. పేర్లన్నీ తమిళ నెలలవి. అన్నిటికీ వెలుపల వెలి వీధులు. ఒకప్పుడు అక్కడ కోటగోడ, అగడ్త ఉండేవి. 1840లలో కలెక్టర్ బ్లాక్‌బర్న్ గోడ పడగొట్టించి, అగడ్త పూడ్పించి ఊరిని విస్తరించాడు. ఆ పని చూసిన సర్వేయరు పేరుతో మారెట్ వీధి, మేస్త్రీ పేరుతో పెరుమాళ్ మేస్త్రీ వీధి ఇవాళ్టికీ ఉన్నాయి. ఒక మేస్త్రీ పేరు వీధికి నిలిచిపోవడం నాకు ఎంతో నచ్చింది.

పడమటి మాసి వీధిలో ఒక పాత మేడ ఉంది. 1921 సెప్టెంబరు 22న గాంధీ చొక్కా, టోపీ వదిలి కొల్లాయి కట్టుకున్నది ఆ ఇంట్లోనే. ఖద్దరు కొనే స్తోమత మాకు లేదని పేదలు చెప్పగా, తన ఒంటిమీది గుడ్డ ఎందుకు తగ్గించుకోకూడదని ఆయన అనుకున్నారు. ఇప్పుడక్కడ ఖాదీ దుకాణం నడుస్తోంది. గుడి నుంచి నడిచి వెళ్లగల దూరమే అయినా, ఏ బస్సు అటు వెళ్లగా నేను చూడలేదు.

ఈ ఊరిని ఏలిన తిరుమల నాయకుడి మహలుకు మాత్రం అందరూ వెళ్తారు. 1636లో కట్టించిన ఆ భవనంలో ఇప్పుడు మిగిలింది నాలుగో వంతే అంటారు. తిరుమల నాయకుడి మనవడు చొక్కనాథుడు రాజధానిని తిరుచిరాపల్లికి మారుస్తూ చాలా భాగం విప్పించి పట్టుకెళ్లాడు. టికెట్టు కొని లోపలికెళ్తే ఆ సున్నపు స్తంభాల ఎత్తుకు నోటమాట రాదు. నేను చెప్పబోయేది ఆ మహలుకు కొంచెం అవతల, విళక్కుత్తూణ్ దగ్గర బట్టల కొట్లు కిక్కిరిసిన ఒక సందు గురించి. దాని పేరు పత్తు తూణ్ సందు, అంటే పది స్తంభాల సందు. పాత మహలులోవే పది రాతి స్తంభాలు, పైన కప్పేమీ లేకుండా ఆ సందులో వరసగా నిలబడి ఉన్నాయి. ఒక స్తంభానికి నైటీలు వేలాడదీశారు. ఇంకోదాని మొదట్లో టీ గ్లాసులు కడుగుతున్నారు. చేతులు చాచి కౌగిలించినా అందనంత లావు స్తంభం పక్కన ఒకాయన స్టూలు వేసుకుని లుంగీల కట్ట విప్పుతున్నాడు. మహలు ఎంత పెద్దదో టికెట్టు కొన్న చోటకన్నా ఇక్కడే నాకు బాగా తెలిసింది. ఇంత దూరం వరకూ పాకి ఉండేదన్నమాట.

ఆ లుంగీల పెద్దాయన మా మాటలు విని తలెత్తాడు. "మీది ఏ ఊరమ్మా?"

"తెనాలి అండీ."

"మేమూ తెలుగోళ్లమే. నాయుళ్లం. ఇంట్లో తెలుగే మాట్లాడేది. రాసేదానికి, చదివేదానికి రాదు." ఆ మాటలో తమిళపు రాగం ఉంది, పదాలు మాత్రం మావే. ఎన్ని తరాలైందని వదిన అడిగితే నవ్వేశాడు. "మా తాతకు తాత కూడా ఈ ఊళ్లోనే పుట్నాడంట. లెక్క ఎవరికి తెలుసు?"

నాయకరాజుల వెంట వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు మధురై చుట్టూ ఇలా ఎన్నో. బడిలో తెలుగు లేకపోయినా, లిపి చేతికి అందకపోయినా, వంటింట్లో తరాలుగా భాష నిలబెట్టుకున్నారు. ఒకప్పుడు ఈ నాయకరాజుల కొలువులోనే తెలుగు పుస్తకాలు పుట్టాయి. 1706 నుంచి 1732 దాకా పాలించిన విజయరంగ చొక్కనాథుడు తానే శ్రీరంగ మాహాత్మ్యం తెలుగు వచనంలో రాశాడు. సముఖం వేంకటకృష్ణప్ప నాయకుడి అహల్యా సంక్రందనం, శేషము వేంకటపతి తారాశశాంక విజయం ఈ మధుర నాయకుల కాలానివే. మన సాహిత్య చరిత్రలో దక్షిణాంధ్ర యుగమని చదువుకున్నదాంట్లో ఒక భాగం ఈ మధుర నాయకులదన్నది లుంగీల కొట్టు ముందు నిలబడితే మొదటిసారి ఒంటికి తెలిసింది. పెద్దాయన కొడుకు సెల్‌ఫోన్లో తెలుగు సినిమా పాటలు పెట్టుకుంటాడట. "మాటలు మాకు అర్థమైతాయి కదా" అన్నాడు గర్వంగా. మంచి టీ ఎక్కడ దొరుకుతుందో, రాత్రి ఎక్కడ తినాలో ఆయనే చెప్పాడు. ఏ గైడూ ఆ రెండు మాటలూ మాకు చెప్పలేదు.

సాయంత్రం జిగర్‌తండా గురించి చెప్పకపోతే మధురై వాళ్లు ఊరుకోరు. చిక్కగా మరగకాచిన పాలు, సముద్రపు పాచి నుంచి తీసిన చైనా గ్రాస్ లేదా నానిన బాదం బంక, నన్నారి సిరప్పు, పైన ఐస్‌క్రీము. కడప, కర్నూలు వైపు నన్నారి షర్బత్ తాగి పెరిగినవాళ్లకు మొదటి గుక్కలోనే ఇంటివాసన తగులుతుంది. ఊరంతా ఫేమస్, ఒరిజినల్ అన్న బోర్డులే. నేను బోర్డులు చదవను. గ్లాసు పట్టుకుని రోడ్డు మీదే నిలబడి తాగుతున్న ఆఫీసువాళ్లు, కాలేజీ పిల్లలు ఎక్కడ ఎక్కువగా ఉంటే అక్కడికే వెళ్తాను. దానికన్నా నాకు నచ్చింది పరుత్తిపాలు. పత్తిగింజలు నానబెట్టి, రుబ్బి, పాలు పిండి, బెల్లం, శొంఠి, ఏలకులు వేసి కాస్తారు. తోపుడుబండి మీద పెద్ద గిన్నెలో వేడివేడిగా ఉంటుంది. పైన కొబ్బరి కోరు చల్లి ఇస్తారు. పత్తి పండించే గుంటూరు జిల్లాలో పుట్టి, గింజకు ఇంత రుచి ఉందని మధురై వచ్చి తెలుసుకున్నాను.

ఇక రాత్రి. మధురైని తూంగా నగరం అంటారు, నిద్రపోని ఊరని. తొమ్మిది దాటేసరికి గుళ్లో యాత్రికుల గుంపులు పలచబడతాయి. అప్పుడు వచ్చేవాళ్లు వేరు. కొట్లు కట్టేసిన వ్యాపారులు, మల్లెలు పెట్టుకున్న ఇల్లాళ్లు, మనవణ్ణి చంకనేసుకున్న ముసలమ్మలు. సుందరేశ్వరుణ్ణి రాత్రికి మీనాక్షమ్మ పడకటింటికి తీసుకెళ్లే సేవ అప్పుడే. ఇది రోజూ జరుగుతుంది, పండగ రోజనేం లేదు.

స్వామి సన్నిధి ముందు అందరూ ఒక పక్కగా ఒదిగి నిలబడ్డారు. ఎవరూ చెప్పకుండానే దారి వదిలారు. లోపల్నుంచి ముందు సాంబ్రాణి పొగ వచ్చింది, తర్వాత నాదస్వరం, తవిలు. వెండి పల్లకి బయటికొచ్చింది. చుట్టూ తెర, లోపల స్వామి పాదుకలు. మోసేవాళ్ల నడక పరుగుకు దగ్గరగా ఉంది. దివిటీలు, వింజామరలు, వెనక జనం. ఆ రాతి నడవలో తవిలు మోత గోడలకు తగిలి రెండింతలై తిరిగొస్తుంటే గుండెలో కొట్టినట్టుంటుంది. అమ్మవారి సన్నిధి గుమ్మం దగ్గర పల్లకి దింపి, పాదాలకు పూజ చేసి, మల్లెలు సమర్పించి, హారతిచ్చి, లోపలికి తీసుకెళ్లారు. నా పక్కనున్నావిడ చేతులు జోడించి, పెదాలు కదుపుతూ, కొంగుతో కళ్లు తుడుచుకుంది. రోజూ వస్తారా అని అడిగాను. ఒంట్లో బాగుంటే రోజూ వస్తానంది. ఇద్దరూ కలిసి పడుకున్నారని చూసుకుని ఇంటికి వెళ్తే తనకు నిద్ర పడుతుందట.

2018 ఫిబ్రవరిలో గుళ్లో అగ్నిప్రమాదం జరిగాక లోపలికి సెల్‌ఫోన్లు రానివ్వడం లేదు. అందువల్ల ఆ నడవలో చేతులన్నీ నమస్కారంలోనే ఉన్నాయి. ఇందులో నాకు మేలే కనిపించింది. ఆ సేవ చూసినవాళ్లెవరైనా ఈ గుడిని చూశానని ధైర్యంగా చెప్పుకోవచ్చు. పగటి దర్శనం బాగుండదని అనడం లేదు, తోపులాటలో అయినా అమ్మ అమ్మే. కానీ ఆ గుళ్లో ఒక ఇల్లు ఉందని రాత్రే తెలుస్తుంది.

బయటికొస్తే వీధి నిండా వెలుగు. అర్ధరాత్రి కూడా ఇడ్లీలు ఆవిరి మీద నుంచి నేరుగా అరిటాకులో పడుతున్నాయి, నాలుగు రకాల చట్నీలతో. పరోటాను పెనం మీద కొట్టే ఇనుప చప్పుడు ఆగదు. మాంసం తినేవాళ్లు సిమ్మక్కల్ దగ్గరి కోనార్ మెస్సులో కరిదోసె తినాలి. మందపాటి దోసె మీద వేటమాంసం కూర పరిచి కాలుస్తారు. లారీ హమాలీలు, నర్సులు, సెకండ్ షో చూసొచ్చిన కుటుంబాలు ఒకే బల్ల దగ్గర తింటున్నారు. ఇదంతా యాత్రికుల కోసం పెట్టింది కాదు. మార్కెట్లు రాత్రంతా నడిచే ఊరికి రాత్రి తిండి కావాలి, అంతే.

తెల్లారకముందే మాట్టుత్తావణి పూల మార్కెట్టుకు వెళ్లాం. మధురై మల్లెకు 2013లో భౌగోళిక గుర్తింపు దక్కింది. చుట్టుపక్కల ఊళ్లలో చీకటితోనే కోసిన మొగ్గలు గోనెల్లో దిగుతాయి. కమీషన్ ఏజెంట్లు దోసిలితో తీసి చూపిస్తారు, ధర కేకల్లో తేలుతుంది. ముహూర్తాల రోజుల్లో ఆ ధర ఆకాశంలో ఉంటుంది. ఒక మొగ్గను వేళ్ల మధ్య నొక్కి చూశాను. రేకు మందంగా, గట్టిగా ఉంది. అందుకే ఇది ఆలస్యంగా విచ్చుకుంటుంది, ఎక్కువసేపు వాడకుండా ఉంటుంది, అందుకే విమానాల్లో సింగపూరుకూ గల్ఫుకూ వెళ్తుంది. గుడి దగ్గర మూర లెక్కన కొన్న దండ ఇక్కణ్ణుంచి బయల్దేరిందే.

చీర సంగతి చివరికి మిగిల్చాను. మా అమ్మమ్మ తరం ఎండాకాలంలో కట్టుకున్న మధుర సుంగుడి చీర చాలామందికి గుర్తుండే ఉంటుంది. గుడ్డకు ముడులు వేసి, రంగులో ముంచి చుక్కలు తేల్చే ఆ అద్దకం, గుజరాత్ వైపు నుంచి వచ్చిన సౌరాష్ట్రుల పని. నాయకరాజుల కాలంలో ఇక్కడ స్థిరపడ్డ ఈ నేతగాళ్లు ఇంట్లో సౌరాష్ట్ర భాష మాట్లాడతారు. అందులో తెలుగు మాటలు చాలా కలిశాయి. త్యాగరాజస్వామి శిష్యుడు వాలాజాపేట వేంకటరమణ భాగవతారు వీళ్లవాడే. గాయకుడు టి.ఎం.సౌందరరాజన్ కూడా వీళ్లవాడే, పుట్టింది ఈ ఊళ్లోనే. సుంగుడికి 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అయినా ఇప్పుడు సుంగుడి పేరుతో అమ్మేవాటిలో ఎక్కువ భాగం అచ్చు వేసినవో మైనపు అద్దకమో. అవి చెడ్డవని కాదు, ధరకు తగ్గట్టు బాగానే ఉంటాయి. ముడి వేసిందని చెప్పి అచ్చుది అంటగట్టడమే అన్యాయం.

మహలు వెనక సందుల్లో ఒకావిడ ఇంటి అరుగు మీద ముడులు వేస్తూ కనిపించింది. గుడ్డ మీద చుక్కలు గుర్తు పెట్టి ఉన్నాయి. చుక్క దగ్గర గుడ్డను గోటితో గిల్లి పైకి లేపుతుంది, దారం గట్టిగా చుట్టి బిగిస్తుంది, తర్వాతి చుక్కకు పోతుంది. రెప్పపాటులో అయిపోతోంది. చీరకు వేల ముడులు. రంగులో ముంచి ఆరబెట్టాక రెండు కొసలూ పట్టుకుని లాగితే ముడులు టపటపా విడిపోతాయి, ముడి ఉన్నచోట రంగు అంటని చుక్క తేలుతుంది. అలా విప్పిన చీరొకటి తెచ్చి చూపించింది. ఏ రెండు చుక్కలూ ఒకలా లేవు. ఒకటి కొంచెం వంకర, ఒకటి కొంచెం చిన్నది. చెయ్యి పెట్టి తడిమితే ముడి ఉన్నచోటల్లా గుడ్డ సన్నగా ముడతపడి వేలికి తగులుతోంది. అచ్చు చీర మీద చుక్కలు నున్నగా ఒకే కొలతలో ఉంటాయి. ఈ తేడా ఒకసారి వేలికి తెలిస్తే ఇక ఏ మేడ మీదా ఎవరూ మోసం చెయ్యలేరు.

ఆ చీర అమ్ముతారా అని వదిన అడిగింది. అది ఎవరో చెప్పి వేయించుకున్నదట.

"మీకు కావాలంటే వేసి పంపిస్తానమ్మా. ముడులకే పది రోజులు దాటుతుంది. ఆ తర్వాత రంగు. ఏ రంగు కావాలో చెప్పండి."

వదిన మిరపపండు ఎరుపు చెప్పింది. ధర దుకాణాల్లో చెప్పినదానికన్నా తక్కువే ఉంది, బేరమాడాలనిపించలేదు. కాగితం మీద చిరునామా రాసిచ్చాం. ఆవిడ దాన్ని మడిచి దారపు ఉండ కింద పెట్టి, మళ్లీ గుడ్డ అందుకుంది.

"రంగు వేసేవాళ్లకు ఎండ ఉండాలి. వాన పట్టిందంటే ఇంకో వారం ఆగాల్సొస్తుంది. తొందర పెట్టొద్దమ్మా" అంది తల ఎత్తకుండానే.